బధిర విద్యార్థి రాతకు ఏ కొలబద్ద?

*మాట వినపడని పిల్లలు రాత నేర్చుకునే దారి వేరు. ఆ దారిలో వాళ్లు ఎంత దూరం వచ్చారో తెలుసుకోవడానికి ఎనభై ఏళ్లకు పైగా పరీక్షలు తయారవుతూనే ఉన్నాయి. ఒక భాషలో పుట్టిన పరీక్ష మరో భాషలో ఎందుకు చెల్లదు? తెలుగుకు ఎలాంటిది కావాలి?*

బధిర విద్యార్థుల రాతను అంచనా వేసేటప్పుడు రెండు ప్రశ్నలు ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. చెప్పదలచుకున్న సంగతి విద్యార్థికి ఎంత తెలుసన్నది మొదటిది. ఆ సంగతిని ఫలానా భాష నియమాల ప్రకారం కాగితం మీద ఎంతవరకు పెట్టగలిగారన్నది రెండోది. వినగలిగే పిల్లలు బడికి వచ్చేనాటికే ఇంటి భాష గలగలా మాట్లాడుతుంటారు. వాళ్లకు పెట్టే రాత పరీక్ష, వచ్చిన భాషను అక్షరాల్లో పెట్టే నేర్పును కొలుస్తుంది. పుట్టుకతో వినికిడి లేని పిల్లల్లో చాలామంది ఆ భాషను రాత ద్వారానే నేర్చుకోవాలి. ఒకే ప్రశ్నపత్రం ఈ ఇద్దరిలో కొలిచేది ఒకటే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

ఏడో తరగతి బధిర విద్యార్థి ఇలా రాసినట్టు ఊహించుకుంటే సమస్య స్పష్టమవుతుంది: 'నేను నిన్న బజారు వెళ్లు. అమ్మ కూరలు కొను. మేము బస్సు ఎక్కు. ఇల్లు వచ్చు.' మొత్తం 12 మాటలు. నాలుగు క్రియలకూ కాలం లేదు, ఎవరు చేశారో చెప్పే చివర లేదు. 'బజారుకు', 'ఇంటికి' అనాల్సిన చోట విభక్తి లేదు. అంటే 12 మాటల్లో ఆరు తప్పు. వ్యాకరణం ఒక్కటే చూసే టీచరు సగం మార్కులు కోసేస్తారు. మరో కొలబద్దతో చూస్తే ఒక్క అక్షరదోషమూ లేదు, సంఘటనలు వరుసగా ఉన్నాయి, ఎవరు ఏం చేశారో తెలుస్తోంది, 'నిన్న' అని కాలం చెప్పడమూ అయింది, 'మనం' అనకుండా 'మేము' అన్న ఎంపికా సరైనదే. ఒకే రాతకు సున్నా నుంచి నూరు వరకు ఏ మార్కు పడుతుందన్నది కొలబద్దను బట్టి ఉంటుంది.

చెవి లేని దారిలో భాష

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం చికిత్సో సాయమో అవసరమయ్యేంత వినికిడి లోపం ఉన్నవారు ప్రపంచంలో 43 కోట్ల మంది. అందులో పిల్లలు 3.4 కోట్లు. మన దేశంలో 2011 జనాభా లెక్కల్లో వినికిడి వైకల్యం కింద నమోదైనవారు 50.7 లక్షల మంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి నష్టం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే పాక్షిక వినికిడి లోపం ఉన్నవారు.

బధిర పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఆ తల్లిదండ్రుల్లో చాలామందికి సైగ భాష రాదు, పిల్లలకు ఇంట్లో మాట వినపడదు. పెదవుల కదలికను బట్టి మాటను పోల్చుకోవచ్చన్న ఆశ చాలా ఇళ్లలో ఉంటుంది గానీ, ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి. పాలు, బాలు, మాలు అన్న మాటలకు కంటికి తేడా తెలియదు. క, గ గొంతు దగ్గర పుడతాయి కాబట్టి అసలే కనపడవు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు అన్నప్పుడు అర్థమంతా చివరి అక్షరంలో ఉంటుంది. మాట ఊపులో అది చప్పున దొర్లిపోతుంది. పెదవులు చదివే పిల్లలకు మాట మొదలు కొంత అందుతుంది, చివర జారిపోతుంది. తెలుగు వ్యాకరణం బరువంతా ఉండేది ఆ చివరనే.

వినికిడి యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంట్లు ఈ చిత్రాన్ని కొంత మార్చాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ పథకం ద్వారా చిన్నపిల్లలకు కాక్లియర్ శస్త్రచికిత్సలు జరిగాయి. ఫలితం మాత్రం ఏ వయసులో అమర్చారు, ఆ తర్వాత శిక్షణ ఎంత అందింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే బధిర విద్యార్థులంటే అందరూ ఒకేలాంటి వారు అనడానికి వీల్లేదు. బధిర తల్లిదండ్రుల దగ్గర పుట్టుక నుంచే సైగ భాష నేర్చిన పిల్లలు, రెండో ఏట ఇంప్లాంట్ అమర్చుకున్నవారు, తొమ్మిదో ఏట బడికి వచ్చేదాకా ఏ భాషా పూర్తిగా అందనివారు ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చుంటారు. తొలి భాష ఆలస్యంగా అందితే దాని ప్రభావం పెద్దయ్యాక కూడా ఉంటుందని రేచల్ మేబెర్రీ పరిశోధనలు చూపాయి. కాబట్టి రాత పరీక్షలో వచ్చిన మార్కుకు పక్కన మరికొన్ని వివరాలు ఉండి తీరాలి. వినికిడి ఎంత, ఎప్పుడు పోయింది, యంత్రం ఎప్పటి నుంచి వాడుతున్నారు, మొదటి భాష ఏది, అది ఏ వయసులో మొదలైంది అన్నవి లేకుండా ఆ మార్కును చదవలేం.

ఎనభై ఏళ్ల ప్రయత్నాలు

ఈ రంగంలో తొలి పెద్ద అధ్యయనాల్లో ఒకటి అమెరికాలో 1940లో వెలువడింది. మసాచుసెట్స్‌లోని క్లార్క్ బధిర పాఠశాలలో పనిచేసిన ఫ్రిట్జ్ హైడర్, గ్రేస్ హైడర్ దంపతులు పిల్లలకు చిన్న సినిమా చూపించి, చూసింది రాయమన్నారు. బధిర పిల్లల వాక్యాలు పొట్టిగా, సాదాగా, తమకంటే చాలా చిన్నవాళ్లయిన వినగలిగే పిల్లల వాక్యాల్లా ఉన్నాయని తేలింది.

1965లో హెల్మర్ మైకల్‌బస్ట్ బొమ్మ చూసి కథ రాసే పరీక్షను ప్రచురించారు. ఒక అబ్బాయి ఆటబొమ్మలతో ఆడుకుంటున్న చిత్రం ఇచ్చి, రాసినదాన్ని ఐదు రకాలుగా లెక్కించారు. మొత్తం మాటలు, మొత్తం వాక్యాలు, వాక్యానికి సగటు మాటలు, వాక్య నిర్మాణంలో ఒప్పు, కంటికి కనిపించే వస్తువుల జాబితా దాటి ఊహలోకి, భావంలోకి రాత ఎంత వెళ్లింది అన్నవి ఆ ఐదు. అదే ఏడాది కెలాగ్ హంట్ బడిపిల్లలందరి రాతకూ వర్తించేలా 'టి-యూనిట్' అనే కొలతను ప్రతిపాదించారు. ఒక ప్రధాన వాక్యం, దాన్ని అంటిపెట్టుకున్న ఉపవాక్యాలు కలిపి ఒక యూనిట్. పిల్లలు ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టినా, అసలు పెట్టకపోయినా ఈ లెక్క చెదరదు. ఆ తర్వాత బధిర విద్యలో ఇది బాగా వాడుకలోకి వచ్చింది.

స్టీఫెన్ క్విగ్లీ బృందం ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చేసిన పని నుంచి 1978లో వాక్యనిర్మాణ పరీక్ష వచ్చింది. 10 నుంచి 18 ఏళ్ల బధిర విద్యార్థుల కోసం చేసిన ఈ పరీక్ష ఇంగ్లీష్ వ్యాకరణాన్ని వ్యతిరేకార్థం, ప్రశ్న, సర్వనామం, సంబంధ ఉపవాక్యం వంటి తొమ్మిది విభాగాలుగా విడగొట్టింది. విద్యార్థి ఎక్కడ తడబడుతున్నారో టీచరుకు వేలెత్తి చూపగల పరీక్ష అది. రాచెస్టర్‌లోని జాతీయ బధిర సాంకేతిక సంస్థ కాలేజీ విద్యార్థుల కోసం రూపొందించిన రాత పరీక్ష మరో బాట పట్టింది. అమరిక, విషయం, భాష, పదజాలం అనే నాలుగింటికి సమానంగా 25 చొప్పున మార్కులు పెట్టింది. తప్పుల లెక్కలో కొట్టుకుపోయే విషయబలం ఇందులో నిలబడింది. 2007లో ఆల్ఫ్రెడ్ వైట్ పరిచయం చేసిన పద్ధతి టి-యూనిట్లనే తీసుకుని, పూర్తిగా ఒప్పైన వాక్యాలను, లోపమున్నా అర్థం తెలిసే వాక్యాలను విడివిడిగా చూపించింది. బొత్తిగా వెనకబడిన విద్యార్థిలో వచ్చే చిన్న ఎదుగుదల కూడా దీనితో కనిపిస్తుంది.

అమెరికాలో తరచూ ఉదహరించే మరో లెక్క స్టాన్‌ఫర్డ్ సాధన పరీక్షలది. బధిరుల ఉన్నత విద్యాసంస్థ గాలడెట్ 1974 నుంచి బధిర విద్యార్థులకు ప్రత్యేక ప్రమాణాలు తయారుచేస్తూ వచ్చింది. బడి ముగించే 17, 18 ఏళ్ల బధిర విద్యార్థుల్లో మధ్యస్థ స్థాయి చదివి అర్థం చేసుకోవడంలో నాలుగో తరగతి దగ్గరే ఆగుతోందని ఆ లెక్కలు పదేపదే చూపాయి. ఇది చదవడానికి సంబంధించిన అంకె, అదీ ఇంగ్లీష్‌లో. రాతకు గానీ, వేరే భాషలకు గానీ దాన్ని నేరుగా అంటగట్టడం సబబు కాదు. సగానికి సగం మంది ఆ గీతకు పైనే ఉంటారన్న సంగతీ మధ్యస్థం అన్న మాటలోనే ఉంది.

భాష మారితే తప్పూ మారుతుంది

ఇంగ్లీష్ రాసే బధిర విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఏ, యాన్, ద అనే ఆర్టికల్స్ దగ్గర, ప్రిపొజిషన్ల దగ్గర, క్రియ చివరి ప్రత్యయాల దగ్గర. ఇటాలియన్ పరిశోధనలూ ఇదే కోవలో ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు, చిన్న సర్వనామాలను వేలెత్తి చూపాయి. డచ్ భాషలో లీస్‌బెత్ వాన్ బైస్టర్‌వెల్ట్, జానెట్ వాన్ హెల్ చేసిన అధ్యయనాల్లోనూ ఆర్టికల్ వదిలేయడం కనిపించింది. తెలుగులో ఆర్టికల్సే లేవు. ఇంగ్లీష్ బధిర రాతకు గుర్తుగా చెప్పే అతి పెద్ద తప్పు తెలుగులో చేద్దామన్నా వీలుపడదు. జపనీస్‌లో నామవాచకం తర్వాత వచ్చే వా, గా, ఓ, ని అనే చిన్న మాటలు బధిర విద్యార్థులకు కష్టమని అక్కడి టీచర్లు, పరిశోధకులు ఎప్పటి నుంచో గుర్తించారు. తెలుగు విభక్తులకు దగ్గరి పోలిక దొరికేది ఇక్కడే.

చైనీస్ పూర్తిగా భిన్నం. అందులో క్రియకు కాలం బట్టి, మనిషి బట్టి రూపం మారదు. వెళ్లు, కొను అన్నవి ఎప్పుడూ ఆ రూపంలోనే ఉంటాయి. పని పూర్తయిందని చెప్పడానికి 'లె' అనే చిన్న మాట పక్కన చేరుతుంది. 'బజారుకు', 'ఇంటికి' అనడానికి విభక్తి లాంటిదేదీ అక్కర్లేదు. పైన చూసిన నాలుగు వాక్యాలను మాటకు మాట చైనీస్‌లో పెడితే ఆరు తప్పుల్లో చాలావరకు మాయమవుతాయి. విద్యార్థి తెలివి పెరగలేదు, భాష అడిగేది తగ్గిందంతే. తప్పుల సంఖ్యను దేశాల మధ్య పోల్చే పట్టికలు ఇక్కడే తప్పుదోవ పట్టిస్తాయి.

మాటల లెక్కా అంతే. 'వెళ్లలేకపోయాడు' తెలుగులో ఒక్క మాట. అదే భావానికి ఇంగ్లీష్‌లో నాలుగు మాటలు కావాలి. వాక్యానికి సగటు మాటలు అనే కొలతతో చూస్తే తెలుగులో చక్కగా రాసే విద్యార్థి ఇంగ్లీష్‌లో ఓ మాదిరిగా రాసే విద్యార్థి కంటే వెనకబడినట్టు కనిపిస్తారు.

పరీక్షను అనువాదం చేస్తే ఏమవుతుందో క్విగ్లీ పరిశోధనలోని ఒక తరహా వాక్యం చెబుతుంది. ఇంగ్లీష్‌లో 'అమ్మాయిని పిలిచిన అబ్బాయి వెళ్లిపోయాడు' అనే వాక్యంలో మాటల వరుస ప్రకారం 'అమ్మాయి' పక్కనే 'వెళ్లిపోయాడు' అన్న క్రియ వస్తుంది. బధిర విద్యార్థులు చాలామంది దగ్గరగా ఉన్న రెండు మాటలను కలిపి, వెళ్లిపోయింది అమ్మాయే అనుకున్నారు. తెలుగులో ఆ ఉచ్చు లేదు, 'అబ్బాయి' మాట పక్కనే 'వెళ్లిపోయాడు' ఉంటుంది. ఇక్కడ పొంచి ఉన్న ఉచ్చు వేరు. 'అమ్మాయిని పిలిచిన అబ్బాయి', 'అమ్మాయి పిలిచిన అబ్బాయి' అనే రెండింటిలో ఎవరు ఎవరిని పిలిచారో తేల్చేది 'ని' ఒక్కటే. ఇంగ్లీష్ పరీక్షను తెలుగులోకి దించితే లేని ఇబ్బందిని కొలుస్తుంది, ఉన్న ఇబ్బందిని వదిలేస్తుంది.

అక్షరదోషాలు కూడా భాషతో పాటు నడుస్తాయి. వినగలిగే పిల్లలు తప్పు రాసినా చదివితే మాట వినపడేలా రాస్తారు. వినలేని పిల్లల తప్పుల్లో అక్షరాలు తారుమారు కావడం, నడిమి అక్షరం ఎగిరిపోవడం వంటివి ఎక్కువ. అవి కంటి జ్ఞాపకంలో దొర్లిన పొరపాట్లు. దీనికి ఆసక్తికరమైన మినహాయింపు ఫ్రెంచ్‌లో దొరికింది. మాట్లాడేటప్పుడు చేతి ఆకారాలతో శబ్దాల తేడా చూపించే 'క్యూడ్ స్పీచ్' పద్ధతిని 1966లో గాలడెట్‌లో ఓరిన్ కార్నెట్ రూపొందించారు. పసితనం నుంచి ఇంట్లోనే ఆ పద్ధతి అందిన పిల్లల అక్షరదోషాలు వినగలిగే పిల్లల తప్పుల్లాగే ఉన్నాయని బెల్జియంలో జాక్లిన్ లేబార్ట్ పరిశోధన చూపింది. శబ్దాల తేడా చెవి ద్వారానే రావాలన్న నియమం లేదని, కంటికి స్పష్టంగా అందినా మెదడు పట్టుకుంటుందని దాని సారాంశం.

తెలుగు అడిగే ప్రశ్నలు

తెలుగులో రాత పరీక్ష తయారుచేయాలంటే ముందుగా చూడాల్సింది క్రియ చివర. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అనే ఆరు రూపాల్లో ఎవరు, ఎందరు, మనుషులా కాదా అన్నదంతా ఉంది. అమ్మ వచ్చినా, కుక్క వచ్చినా, బండి వచ్చినా 'వచ్చింది' అంటాం. అదే బహువచనంలోకి వెళ్లగానే అమ్మలు 'వచ్చారు', కుక్కలు 'వచ్చాయి'. ఈ పద్ధతిని వినగలిగే పిల్లలు ఎవరూ నేర్పకుండానే పట్టేస్తారు. వినలేని పిల్లలకు ఇది పుస్తకంలో ఎదురైనప్పుడే తెలియాలి, లేదా బడిలో విప్పి చెప్పాలి.

రెండోది విభక్తి చేరేటప్పుడు మారిపోయే మాట. ఇల్లు 'ఇంటికి' అవుతుంది, కన్ను 'కంటికి', చేయి 'చేతికి', రాయి 'రాతికి'. వ్యాకరణ పుస్తకాలు ఔపవిభక్తికాలు అని పిలిచే ఈ రూపాలు, చూపుతో నేర్చుకునేవారికి రెండు వేర్వేరు మాటల్లా కనిపిస్తాయి. 'ఇల్లుకు' అని రాసిన విద్యార్థికి విభక్తి తెలుసు, రూపం తెలియదు. 'ఇల్లు వచ్చు' అని రాసినవారికి విభక్తే ఇంకా రాలేదు. రెండింటికీ ఒకే తప్పుగా మార్కు తీసేసే పరీక్ష టీచరుకు ఏమీ చెప్పదు.

మూడోది సంధి. 'బస్సు ఎక్కి', 'బస్సెక్కి' చెవికి దాదాపు ఒకటే. కంటికి రెండోది కొత్త మాట. పాఠ్యపుస్తకంలో ఏ రూపం ఉందో పరీక్షలోనూ ఆ రూపమే ఉంటే అది న్యాయమైన పరీక్ష.

నాలుగోది వాక్యాలను అల్లే తీరు. ఇంగ్లీష్‌లో వాక్యం ఎదిగే కొద్దీ ఉపవాక్యాలు చేరతాయి. తెలుగులో ఎదిగిన రాత అసమాపక క్రియల మీద నడుస్తుంది. 'నిన్న బజారుకు వెళ్లి, కూరలు కొని, బస్సెక్కి ఇంటికి వచ్చాం' అనే వాక్యంలో సమాపక క్రియ ఒక్కటే. వెళ్లి, కొని వంటి క్త్వార్థకాలు, వెళ్తూ వంటి శత్రర్థకాలు, వెళ్తే వంటి చేదర్థకాలు, 'వెళ్లిన' వంటి విశేషణ రూపాలు, 'అని' అనే అనుకరణ ప్రయోగం ఎన్ని, ఎంత సరిగ్గా వచ్చాయో లెక్కిస్తే తెలుగులో వాక్యం పరిణతి తెలుస్తుంది. హంట్ కొలతను తెలుగుకు తేవాలంటే ఈ సవరణ తప్పదు.

ఇంటి యాస సంగతీ ఉంది. తెలంగాణలో వినగలిగే పిల్లలు ఇంట్లో 'వచ్చిండు' అంటారు, బడిలో 'వచ్చాడు' అని రాస్తారు. వాళ్ల తప్పుల్లో ఇంటి మాట తొంగిచూస్తుంది. బధిర పిల్లలకు తెలుగు ఎక్కువగా అచ్చులో చూసిందే. అందువల్ల ఇద్దరి పేపర్లలో ఒకే తప్పు కనిపించినా దాని మూలం ఒకటే అనుకోకూడదు.

సైగ భాషను కలపకపోతే సగం లెక్కే

బధిరుల రాతలో తప్పులకు సైగ భాషే కారణమన్న అభిప్రాయం చాలాకాలం రాజ్యమేలింది. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యావేత్తల సమావేశం తరగతి గదిలో నోటి మాటకే పట్టం కట్టాక ఆ అభిప్రాయం మరింత బలపడింది. దాన్ని ఇటలీలోనే జరిగిన ఒక అధ్యయనం పరీక్షకు పెట్టింది. 1998లో ఫాబ్రెట్టి, వోల్టెరా, పోంతెకోర్వో బధిర తల్లిదండ్రులకు పుట్టిన బధిరుల రాతను, బధిర తల్లిదండ్రులకే పుట్టి వినగలిగేవారి రాతను పక్కపక్కన పెట్టి చూశారు. ఇద్దరికీ ఇంటి భాష సైగలే. ఆర్టికల్స్, ప్రిపొజిషన్ల వంటి చిన్న మాటల్లో తప్పులు బధిరుల రాతలోనే పోగుపడ్డాయి. సైగ భాషే కారణమైతే రెండో గుంపులోనూ అవే కనిపించాలి. అసలు కారణం రాసే భాష చెవి ద్వారా అందకపోవడమే.

సైగ భాష మేలు చేస్తుందనడానికీ ఆధారాలున్నాయి. కాలిఫోర్నియాలో మైఖేల్ స్ట్రాంగ్, ఫిలిప్ ప్రింజ్ 160 మంది బధిర విద్యార్థుల్ని పరీక్షించి 1997లో ఫలితాలు ప్రకటించారు. అమెరికన్ సైగ భాషలో గట్టిగా ఉన్నవారు ఇంగ్లీష్ చదవడం, రాయడంలోనూ ముందున్నారు. స్వీడన్ 1981లో పార్లమెంటు తీర్మానంతో సైగ భాషను బధిరుల మొదటి భాషగా గుర్తించి, 1983 నుంచి బధిర పాఠశాలల పాఠ్యప్రణాళికను రెండు భాషల పునాది మీద నిలిపింది. అక్కడ స్వీడిష్ రాత అంచనా రెండో భాష నేర్చుకునేవారి లెక్కతో సాగుతుంది.

సైగ భాష తోడు లేకుండా రాతను కొలిస్తే కలిగే నష్టం ఒక్కటే అయినా పెద్దది. కథను సైగల్లో పూర్తిగా, వరుస తప్పకుండా, కారణాలతో సహా చెప్పగల విద్యార్థి రాతలో తడబడితే అవసరమైంది తెలుగు వ్యాకరణ పాఠం. సైగల్లో కూడా కథ ముక్కలు ముక్కలుగా వస్తే అవసరమైంది భాషే. చేతిరాత పుస్తకంలో ఈ ఇద్దరి పేజీలు ఒకేలా ఉండొచ్చు. వైద్యం మాత్రం వేరు. బ్రిటిష్ సైగ భాష గ్రహణ సామర్థ్య పరీక్షను 1999లో రోజ్ హెర్మన్, సాలీ హోమ్స్, బెన్సీ వోల్ ప్రచురించాక, దాన్ని అనేక దేశాల సైగ భాషలకు తగ్గట్టు మార్చుకున్నారు. ఏ దేశానికి వెళ్లినా కొన్ని ప్రశ్నలు తీసేసి, కొత్తవి చేర్చాల్సి వచ్చింది. సైగ భాషలు కూడా ఒకదానికొకటి వేరే భాషలు.

భారతీయ సైగ భాష నిర్మాణాన్ని ఉల్రికె జేషాన్ వంటి భాషావేత్తలు వర్ణించారు. ప్రశ్నార్థక సైగ వాక్యం చివర వస్తుంది. 'ఇచ్చు' వంటి క్రియలో చేయి ఇచ్చేవారి వైపు నుంచి పుచ్చుకునేవారి వైపు కదులుతుంది. తెలుగులో 'కు' చేసే పనిని అక్కడ కదలిక చేస్తుంది. వాక్యం చివరే ప్రశ్న, చివరే 'లేదు' వచ్చే అలవాటు తెలుగుకూ దగ్గరగా ఉంటుంది. ఎక్కడ రెండు భాషలూ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలిస్తే ఏ తప్పు దేనివల్ల వచ్చిందో టీచరు పట్టుకోగలరు.

అందరికీ చెల్లే పద్ధతి

భాషలన్నిటికీ ఒకే పరీక్ష సాధ్యం కాదు. పరీక్ష కట్టే పద్ధతి మాత్రం ఒకటిగా ఉండొచ్చు. దానికి మంచి నమూనా రూత్ బెర్మన్ నాయకత్వంలో ఏడు భాషల్లో జరిగిన అంతర్జాతీయ ప్రాజెక్టు. డచ్, ఇంగ్లీష్, ఫ్రెంచ్, హీబ్రూ, ఐస్‌లాండిక్, స్పానిష్, స్వీడిష్ మాట్లాడే బడిపిల్లలకు, పెద్దలకు మాటల్లేని ఒకే వీడియో చూపించి, కథనమూ వ్యాసమూ రాయించారు. ప్రేరణ ఒకటే, విశ్లేషణ ఎవరి వ్యాకరణం ప్రకారం వారిది. మాటల్లేని బొమ్మ, మాటల్లేని వీడియో బధిర విద్యార్థులకు మరీ అనువు. ప్రశ్న చదివి అర్థం చేసుకోలేక రాత చెడిపోయే ప్రమాదం ఉండదు. సూచనలను సైగ భాషలో ఇవ్వాలి.

ఒక్క పేజీతో తీర్పు చెప్పకూడదన్నది రెండో నియమం. కథ రాసేటప్పుడు కాలం, వరుస బయటపడతాయి. ఉత్తరంలో ఎదుటివారిని సంబోధించే తీరు, వ్యాసంలో కారణం, ఫలితం కలిపే నేర్పు తెలుస్తాయి. ఒకదానిలో తడబడినవారు మరోదానిలో రాణించొచ్చు.

మూడోది, మార్కును విడగొట్టడం. విషయం, అమరిక, పదజాలం, వ్యాకరణం, అక్షరక్రమం వేటికవి వేరుగా ఉండాలి. సైన్స్ పేపర్లో 'నీరు వేడి ఆవిరి అవు' అని రాసిన విద్యార్థికి బాష్పీభవనం తెలుసు. ఆ మార్కు ఇచ్చేసి, భాష సంగతి తెలుగు పేపర్లో చూడాలి.

నాలుగోది, దిద్దేవారు. బధిర విద్యార్థుల రాతకు అలవాటుపడ్డ టీచరు అసంపూర్ణ వాక్యంలోనూ అర్థం పట్టేస్తారు, అలవాటు లేనివారు అదే వాక్యాన్ని కొట్టేస్తారు. ఒకే పేపరును ఇద్దరు విడివిడిగా దిద్ది, తేడాలు పోల్చుకోవడం, నమూనా జవాబులతో ముందే శిక్షణ ఇవ్వడం తప్పనిసరి.

ఐదోది, పోలిక. వినగలిగే తోటివారితో పోలిస్తే దూరం తెలుస్తుంది. తెలుగు ఇంటి భాష కాని పిల్లలు బడిలో తెలుగు నేర్చుకునేటప్పుడు రాసేదానితో పోలిస్తే దారి తెలుస్తుంది. ఎందుకంటే రెండో భాష నేర్చుకునే ఎవరైనా చేసే తప్పులు కొన్ని ఉంటాయి. వాటిని బధిరత్వానికి అంటగట్టడం పొరపాటు. అన్నిటికంటే నమ్మదగ్గది విద్యార్థి పోయినేడు రాసినదానితో పోలిక. బధిర విద్యార్థుల సంఖ్య తక్కువ, వారి నేపథ్యాలు భిన్నం. పెద్ద సగటులు తయారుచేయడమే కష్టం కాబట్టి ఈ చివరి పోలికకు విలువ ఎక్కువ.

రాసిన ఫలితంతో పాటు రాసే క్రమాన్ని గమనించే ప్రయత్నాలూ సాగుతున్నాయి. కంప్యూటర్ మీద ఏ మీట ఎప్పుడు నొక్కారు, ఎక్కడ ఆగారు, ఏది చెరిపి తిరగరాశారు అన్నదాన్ని 'స్క్రిప్ట్‌లాగ్' వంటి సాఫ్ట్‌వేర్లు నమోదు చేస్తాయి. తుది కాగితంలో కనపడని తర్జనభర్జన అందులో కనిపిస్తుంది.

మన బడులు, మన పరీక్షలు

2015లో ఢిల్లీలో భారతీయ సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2018లో మూడు వేల పదాలతో తొలి నిఘంటువు తెచ్చి, 2021 నాటికి దాన్ని పది వేలకు పెంచింది. 2020లో పాఠ్యపుస్తకాలను సైగ భాషలోకి మార్చేందుకు ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం భారతీయ సైగ భాషను దేశమంతటా ప్రామాణికం చేయాలని చెప్పింది. సెకండరీ స్థాయిలో దాన్ని ఒక భాషా సబ్జెక్టుగా ఎంచుకోవచ్చని 2021లో కేంద్రం ప్రకటించింది. బధిర విద్యలో టీచర్లకు శిక్షణనిచ్చే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. పరీక్ష కట్టడానికి కావలసిన రెండో సగం, అంటే సైగ భాషకు గుర్తింపు, ఇలా మెల్లగా సమకూరుతోంది.

బోర్డు పరీక్షల్లో ఇప్పటిదాకా ఎక్కువగా వాడిన మార్గం మినహాయింపు. సీబీఎస్‌ఈలో వైకల్యం ఉన్న విద్యార్థులు రెండు భాషలకు బదులు ఒక్కటే తప్పనిసరిగా చదివే వీలుంది. అదనపు సమయం వంటి వెసులుబాట్లూ ఉన్నాయి. భారం తగ్గించడంలో ఇవి న్యాయమైనవే. కాకపోతే మినహాయింపు విద్యార్థికి ఏం వచ్చో, ఏం రాదో చెప్పదు. భాష పేపరు తప్పించుకున్న విద్యార్థి రేపు బ్యాంకు దరఖాస్తు నింపాలి, ఆఫీసులో మెయిల్ రాయాలి, ఫోన్‌లో సందేశం పంపాలి. వినికిడి లేని వ్యక్తికి బయటి ప్రపంచంతో వ్యవహారం చాలావరకు రాతలోనే నడుస్తుంది గనుక, ఆ రాత ఎక్కడ బలహీనమో తెలిసే హక్కు అందరికంటే వారికే ఎక్కువ.

తరగతి స్థాయిలో దీనికి పెద్ద ఖర్చు కానక్కర్లేదు. ఏడాదికి మూడుసార్లు ఒకే రకం బొమ్మలకథతో రాయించి, అదే కథను సైగల్లో చెప్పించి వీడియో తీసి, రెండింటినీ ఒక ఫైల్లో దాచవచ్చు. క్రియ చివరలు, విభక్తులు, అసమాపక క్రియలు, మాటల వైవిధ్యం, కథ అమరిక అనే ఐదు గడుల్లో ప్రతిసారీ వచ్చిన మార్పు రాసుకోవాలి. విద్యార్థి బడి మారినా, టీచరు మారినా ఆ ఫైలు వెంట వెళ్తే తర్వాతి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో కొత్త టీచరుకు మొదటి రోజే తెలుస్తుంది.